ఇరువది సంఖ్య గల నూనె

పోయిన నెల కారును సర్వీసుకు ఇవ్వడానికి నంద్యాలలో కొత్తగా కట్టిన అద్దాల షోరూముకు వెళ్లాను. కౌంటరులో కూర్చున్న అమ్మాయి కంప్యూటరు చూస్తూ, ఇంజన్ ఆయిల్ సున్నా డబ్ల్యూ ఇరవై పోస్తామని చెప్పింది. ఆ ఇరవై అనే మాట వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బయట ఎండ చూశావా అమ్మా, ఈ ఊళ్లో ఇరవై పోస్తే ఇంజన్ ఏమవుతుందో తెలుసా అన్నాను. ఆమె ఓపికగా స్క్రీను నా వైపు తిప్పింది. కారు చేసినవాళ్లే రాసిపెట్టారు, ఇరవై. ఈ కాలపు ఇంజన్లలో భాగాల మధ్య సందులు బాగా సన్నగా ఉంటాయట, పలచటి ఆయిలైతేనే వాటిలోకి చేరుతుందట, వేడికి తట్టుకునేలా దాన్ని తయారు చేస్తారట. నేను కాదనలేకపోయాను. ఏసీ గదిలో కూర్చోమంటే కూర్చోలేకపోయాను. కాఫీ మిషన్లో నీళ్లు సరిగా కాగడం లేదని మేనేజరుకు చెప్పాను. టీవీ శబ్దం ఎక్కువగా ఉందని చెప్పాను. మళ్లీ వెళ్లి, సోఫా మరీ పల్లంగా ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎలా లేస్తారని అడిగాను. ఫిర్యాదులు చేసే మనిషినని నాకు మా ఇంట్లో పేరుంది. ఆ పేరును నేనెప్పుడూ కాదనలేదు. అయితే ఆ రోజు నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది కాఫీ కాదు, సోఫా కాదు. ఇరవై నంబరు ఆయిల్ కారణంగా నాకు జరిగిన అన్యాయం ఒకటుంది. అది జరిగి ఎన్నో ఏళ్లయింది. అది మానిపోయిందని ఎవరైనా అనుకుంటే వాళ్లకు నా సంగతి తెలియదన్నమాట.

మా పెద్దనాయన నంద్యాలలో మిషన్ దొర దగ్గర కారు డ్రైవరు. దొర అంటే సముద్రాలు దాటి వచ్చిన పాదిరి. ఆ కాలంలో పెద్దమనుషులందరి దగ్గరా ఉండే బొద్దు రకం కారే దొరకూ ఉండేది. రంగు ముదురు ఆకుపచ్చ. పెద్దనాయన ఖాకీ చొక్కా, తెల్ల పంచె కట్టుకుని నడిపేవాడు. దొర ప్యాంటు కుట్టించి ఇస్తే పండగలకు మాత్రం తొడుక్కునేవాడు. ఆయన పని తోలడం, తుడవడం. ఇంజన్ మూత ఎత్తి చూసేది మాత్రం దొర ఒక్కడే. ఆయిల్ మార్చేదీ ఆయనే. చేతులకు నూనె పూసుకుని బండి కింద పడుకునే తెల్లవాణ్ణి చూడ్డానికి బడి పిల్లలు గోడెక్కేవాళ్లు. ప్రతి ఎండాకాలం దొర, దొరసాని కారులో కొడైకెనాల్ పోయేవాళ్లు. పెద్దనాయన వాళ్లను తీసుకుపోయి, వానలు మొదలయ్యాక వెనక్కి తెచ్చేవాడు. కొండ మీద మే నెలలో కూడా స్వెటరు వేసుకోవాలని చెబితే మా వీధిలో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. దొర తెలుగు బాగా నేర్చుకున్నాడు గానీ బైబిలు చదివి నేర్చుకున్నాడు. కాబట్టి కూరగాయలమ్మే ఆమెతో కూడా బైబిలు తెలుగులోనే మాట్లాడేవాడు. 'ఓ స్త్రీ, ఈ వంకాయలు నిన్నటివి కావా' అని అడిగేవాడని పెద్దమ్మ చెప్పి నవ్వేది.

డెబ్బయిల మొదట్లో ఒక ఎండాకాలం కొండ మీదే దొరకు జబ్బు చేసింది. నంద్యాలకు రాకుండా అట్నుంచి అటే స్వదేశానికి పోవాల్సి వచ్చింది. కారును సంఘానికి ఇచ్చేశాడు. బంగళాలో వస్తువులు తలా ఒకటి పంచమని కబురు పంపాడు. అయ్యగారికి, అంటే మా సంఘం పాస్టరుకు, బీరువా వచ్చింది. సంఘ పెద్దలకు కుర్చీలు, గోడ గడియారం, స్టవ్వు వచ్చాయి. హార్మోనియం గుడికి వచ్చింది. పెద్దనాయనకు వస్తువేదీ రాలేదు. ఆయన కొండ మీద ఉన్నాడు గనక పంచేటప్పుడు ఎవరికీ గుర్తురాలేదు. కానీ దొర బయల్దేరేటప్పుడు ఆయన చేయి పట్టుకుని ఊపి, కారు వైపు చూపించి ఒక మాట చెప్పాడట: 'ఇరువది సంఖ్య గల నూనె మాత్రమే పోయుము. మరువకుము.' పెద్దనాయన ఆ మాటను నంద్యాల దాకా మోసుకొచ్చాడు. మాకందరికీ చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతు మార్చి, దొర పలికినట్టే పలికేవాడు. 'పోయుము' అన్నాక ఆగేవాడు. గుడిలో వాక్యం చదివి ఆగినట్టుండేది.

నేనప్పుడు మిషన్ బడిలో సైన్సు టీచరుగా కొత్తగా చేరాను. ఇక నుంచి ఆయిల్ మార్చే పని పెద్దనాయనకు వచ్చింది. కోరి కోరి, కర్నూలు నుంచి తెప్పించి, ఇరవై డబ్ల్యూ డబ్బా పోసేవాడు. నంద్యాలలో లారీలవాళ్లు, ట్యాక్సీలవాళ్లు అందరూ నలభై నంబరు పోసుకునేవాళ్లు. అందుకే ఇక్కడి అంగళ్లలో ఇరవై దొరికేది కాదు. ఊరంతా వాడేది ఎందుకు వాడుతుందో అడగాలని ఆయనకు తోచలేదు. నాకు తోచింది. నంబరు పెరిగేకొద్దీ ఆయిల్ చిక్కన. వేడికి ఏ నూనైనా పలచబడుతుంది. కొండ మీది చలికి ఇరవై చాలు, అక్కడ నలభై పోస్తే పొద్దున బండి స్టార్టు కాదు. నంద్యాల ఎండకు ఇరవై పోస్తే నీళ్లయిపోతుంది. దొర కొండకు పోయేముందు పలచటిది, కిందికి వచ్చాక చిక్కటిది పోసుకునేవాడన్నమాట. చివరిసారి ఆయన చెప్పింది కొండ మీద ఉన్న బండికి, కిందికి వచ్చాక మార్చమని చెప్పడం జబ్బులో మరిచిపోయాడు. ఇదంతా పెద్దనాయనకు చెప్పాను.

"పెద్దనాయనా, డబ్ల్యూ అంటే వింటర్. చలికాలం" అన్నాను.

"మనకు చలికాలం లేదా? క్రిస్మస్‌కు కంబళి కప్పుకుంటావు గదా నువ్వు. అది చలి గాదా?"

"కంబళి నాకు, ఇంజనుకు గాదు."

"దొర కంటే నీకు ఎక్కువ తెలుసా అబ్బీ?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. ఔనంటే గర్వం, కాదంటే ఓటమి. కాబట్టి ప్రయోగం చేసి చూపించాలనుకున్నాను. పెద్దమ్మను అడిగి రెండు గ్లాసుల్లో ఆముదం పోశాను. ఒకటి నీళ్ల కడవ కింద తడి ఇసుకలో, ఒకటి కారు షెడ్డు ముందు ఎండలో పెట్టాను. కాసేపయ్యాక రెంటినీ వంచి చూపించాను. నీడలోది తీగలా సాగుతూ దిగింది. ఎండలోది జారిపోయింది. బడిలో పిల్లలైతే నోరు తెరిచి చూసేవాళ్లు. పెద్దనాయన బీడీ పారేసి, బండికి ఆముదం తాపుతావా ఏందీ అని మాత్రం అడిగాడు. పెద్దమ్మ, ఉండే ఆముదమంతా ఎండలో పోస్తివి, తలకు ఏం పెట్టుకునేది అని తిట్టింది. షెడ్డు దగ్గర కూర్చున్న సంఘ పెద్ద ఒకాయన నవ్వాడు. ఆ నవ్వు ఎలా ఉందో ఇప్పటికీ నోటితో చేసి చూపించగలను. మా ఆవిడ వద్దంటుంది గనక చూపించను.

అయినా ఊరుకోలేదు. నా డబ్బుతో నలభై నంబరు డబ్బా ఒకటి కొని, బజారు నడిమధ్య నుంచి భుజాన పెట్టుకుని తీసుకుపోయి షెడ్డులో పెట్టాను. అందరూ చూశారు. చూడాలనే అలా తీసుకుపోయాను. ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు ఇది పొయ్యి పెద్దనాయనా అన్నాను. ఆయన ఊ అన్నాడు. ఆ ఊకు అర్థం ఒప్పుకున్నానని కాదు, విన్నానని. నాకు అప్పుడది తెలియలేదు.

మరుసటి ఎండాకాలం ఆళ్లగడ్డలో ఒక పెండ్లి. అయ్యగారు పెండ్లి చేయించాలి, మధ్యాహ్నానికల్లా అక్కడుండాలి. నన్నూ పిలిచారు గనక వెనక సీట్లో కూర్చున్నాను. పెద్దనాయన ప్యాంటు తొడుక్కుని వచ్చాడు. బండి నంద్యాల దాటకముందే ఇంజన్లోంచి టకటకమని సన్నటి శబ్దం. కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు. నేను సీటు అంచుకు జరిగాను. శిరివెళ్ల దగ్గరపడేసరికి ఆ శబ్దం లావయింది. డాష్‌బోర్డులో ఎర్ర లైటు మిణుకుమంటోంది. అది ఆయిల్ ప్రెషరు తగ్గిందని చెప్పే లైటు.

"పెద్దనాయనా, ఎర్ర లైటు వెలుగుతాంది."

"ఎండకు అట్లనే కనపడతాది."

"ఎండకు గాదు. బండి నిలుపు. నలభై పోసినావా, లేదా?"

ఆయన గేరు తగ్గించాడు. అయ్యగారు వెనక్కి తిరగకుండానే, "వెనక కూర్చున్నోళ్లు ప్రార్థన చేసుకోండి, ముందు సంగతి ముందున్నోళ్లు చూసుకుంటారు" అన్నారు. నేను ప్రార్థన చేయలేదు. పెద్దనాయన మెడ వెనక చెమటను చూస్తూ కూర్చున్నాను. ఆ మెడ బిగిసి ఉంది. ఆయనకూ శబ్దం వినబడుతోంది. ఆపితే తప్పు ఒప్పుకున్నట్టు, ఆపకపోతే బండి పోతుంది. నాకు తెలిసి ఆయన జీవితంలో అంత నెమ్మదిగా ఎప్పుడూ తోలలేదు. శిరివెళ్ల దాటి ఇంకొంత దూరం పోయాక లోపలెక్కడో ఇనుము విరిగిన చప్పుడు వినిపించి బండి ఆగింది. ఆగడం కూడా కాదు, పట్టేసింది. తోసినా గేరులో కదలలేదు.

రోడ్డు మీద నీడ లేదు. ఆళ్లగడ్డ శిల్పుల కోసం రాళ్లు వేసుకుపోయే లారీ ఒకటి వచ్చింది. ముందు క్యాబిన్లో చోటు లేదు. అయ్యగారు తెల్లటి అంగీతోనే వెనక ఎక్కి, ఇంకా దేవుడు కాని ఒక పెద్ద బండరాయి మీద కూర్చుని పెండ్లికి చేరారు. అక్కడ అందరూ చూశారు. ఆ పూట నవ్వినవాళ్ల మీద ఆయనకు కోపం రాలేదు, కోపమంతా నా కోసం దాచుకున్నారు. నేను, పెద్దనాయన బండి దగ్గరే ఉండిపోయాం. ఆయన బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. కాలుతుంది తియ్యి అన్నాను. తీయలేదు.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. మెకానిక్ ఇంజన్ విప్పి బేరింగులు అరిగిపోయాయని, క్రాంకు చెడిందని చెప్పాడు. ఆయిల్ వల్లే అన్నాడు. ఏ ఆయిల్ పోశావని పెద్దలు పెద్దనాయనను అడిగారు. గదిలో అందరి కళ్లూ ఆయన మీదే. సంఘం వాళ్లు బండి పాడుచేసిన డ్రైవరును ఉంచుకోరని ఆయనకు తెలుసు. అంతకన్నా ముఖ్యం, దొర మాట తప్పని ఆయన నోటితో చెప్పాలి. నేల చూస్తూ, "అబ్బోడు డబ్బా తెచ్చిచ్చినాడు" అన్నాడు. అంతే. అబద్ధం ఒక్క ముక్క లేదు. నేను డబ్బా తెచ్చిచ్చాను. దాన్ని పోయలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. నేను లేచి, పోశావా లేదా చెప్పు అని అడిగాను. ఇంట్లో తగాదా ఇంట్లో చూసుకోండి అని ఒక పెద్ద కూర్చోబెట్టాడు. నవ్వినాయనే. డబ్బా ఏదని అడిగాను. షెడ్డులో లేదు. అదెక్కడికి పోయిందో తర్వాత తెలిసింది. ఆళ్లగడ్డ పక్క పల్లెలో పెద్దమ్మ తమ్ముడి బావి దగ్గర నీళ్లు తోడే ఇంజనుకు ఇచ్చేశాడు. ఆ ఇంజను ఆ ఏడాది బ్రహ్మాండంగా ఆడిందని, ఆయిలు చాలా మంచిదని ఆ మనిషే నాకు సంతోషంగా చెప్పాడు. నంద్యాలకు వచ్చి అదే మాట పెద్దల ముందు చెప్పమని అడిగాను. బావ పరువు తీయలేనన్నాడు.

అసలు దెబ్బ ఆ తర్వాతి ఆదివారం. అయ్యగారు సంఘ ప్రార్థన చేస్తూ, రోగుల కోసం, వర్షాల కోసం, పరీక్షలు రాసినవాళ్ల కోసం వేడుకున్నాక, తొందరపాటుతో సంఘానికి నష్టం తెచ్చిన యవ్వన సోదరుణ్ణి క్షమించమని ప్రభువును వేడుకున్నారు. పేరు చెప్పలేదు. చెప్పే అవసరం లేదు. మామూలుగా ఎవరైనా నింద వేస్తే లేచి ఎదురు చెప్పవచ్చు. ప్రార్థనకు ఎదురు చెప్పే పద్ధతి లేదు. కళ్లు మూసుకుని అందరూ ఆమెన్ అన్నారు. మగవాళ్ల వైపు ముందు వరుస నుంచి పెద్దనాయన గొంతు కూడా వినబడింది. ఆమెన్. ఆ గొంతు నేను చిన్నప్పటి నుంచి ఎరిగినది. నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషిది. నేను కళ్లు తెరిచి చూశాను. అందరి తలలూ వంగి ఉన్నాయి. చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చేశాను. మళ్లీ ఆ గుడి మెట్లెక్కలేదు. ఆళ్లగడ్డలో మిషన్ బడి ఒకటుంటే, అందులో ఖాళీ కోసం రోజూ ఆఫీసు చుట్టూ తిరిగి, బడులు తెరిచేలోపే బదిలీ చేయించుకున్నాను.

ఆళ్లగడ్డలో నా కాపురం సుత్తి దెబ్బల మధ్య. మా వీధి చివర దేవుళ్లను చెక్కేవాళ్లు పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా ఆపేవాళ్లు కాదు. ఆ చప్పుడు కూడా నాకు ఫిర్యాదే. పాఠం చెబుతూ కూడా లోపల నేను ఆ పెద్దల గదిలోనే వాదిస్తుండేవాణ్ణి. ఈ మాటకు ఇలా జవాబు చెప్పాల్సింది, ఆ మాటకు అలా. కిటికీలోంచి నంద్యాల బస్సు పోతుంటే, ఇవాళ ఎక్కి పోయి, నలుగురిలో నిలబెట్టి అడుగుదామా అనిపించేది. నాలుగైదుసార్లు ఎక్కాను కూడా. శిరివెళ్ల దగ్గర దిగిపోయి వెనక్కి వచ్చేవాణ్ణి. నంద్యాలలో మా నాయనను చూడ్డానికి పోయినప్పుడు కూడా పెద్దనాయన వీధి తప్పించుకుని చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. నా ముందు ఆ సంగతి ఎత్తవద్దని మా నాయనకు, అమ్మకు గట్టిగా చెప్పాను. వాళ్లు ఎత్తలేదు. మాట తీసుకుంటే నిలబెట్టుకునే మనుషులు.

ఎనభైలు మొదలయ్యాక ఒక రోజు పెద్దనాయనే ఆళ్లగడ్డకు వచ్చాడు. బస్సు దిగి, బడి దగ్గర అడిగి, ఇంటికి వచ్చాడు. సన్నబడ్డాడు. సంచిలో పెద్దమ్మ చేసిన చెక్కలు తెచ్చాడు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. ఆయన మా పాపను ఒడిలో కూర్చోబెట్టుకున్నాడు. నేను ఎదురుగా కూర్చుని ఎదురుచూశాను. ఇప్పుడైనా చెబుతాడు, నోరు తెరిచి నేను పోయలేదురా అంటాడు అని. ఆయన వానల సంగతి మాట్లాడాడు. శిల్పుల చప్పుడు బాగుందన్నాడు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, నా వైపు చూసి నవ్వాడు.

"ఇంగ ఏం లేదు గదా అబ్బీ మన మధ్య?"

"ఏం లేదు? నాకు అంతా అట్లనే ఉండాది."

ఆయన ముఖం ఏదో తెలియని భాష విన్నవాడి ముఖంలా అయింది. ఇంకొక మాట కోసం నన్ను చూశాడు. నేను ఇవ్వలేదు. పాపను దించి, సంచి దులిపి మడిచి చంకలో పెట్టుకుని, బస్సుకు టైమాయ అని లేచాడు. బస్టాండు దాకా పోలేదు నేను. ఇంత సిగ్గు లేకుండా ఎలా వచ్చాడా అని మా ఆవిడతో ఆ సాయంత్రమంతా అన్నాను. చెక్కలు ముట్టలేదు.

తర్వాత ఒకటి రెండేళ్లకు ఆయన పోయాడు. నంద్యాలకు పోయాను, పోక తప్పదు గనక. సమాధుల తోట నుంచి వచ్చాక పెద్దమ్మ దగ్గర కూర్చున్నాను. ఇప్పుడు ఆయనే లేడు, నా మీద పడ్డ మాట ఎవరు తీస్తారు అన్నాను. అలాంటి రోజున అనకూడదని మా అమ్మ చెయ్యి గిల్లింది. పెద్దమ్మ కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఏం మాట నాయనా? అది అప్పుడే తీసేసె గదా."

ఎప్పుడు అని అడిగాను. నేను ఆళ్లగడ్డకు పోయిన ఆ ఏడే, కోతల పండగ రోజున అంది. కోతల పండగకు గుడిలో అందరూ పంట తెచ్చి పెట్టి, లేచి సాక్ష్యం చెబుతారు. పంట లేని పెద్దనాయన వట్టి చేతులతో లేచాడట. నిండు సంఘంలో చెప్పాడట.

"'దొర ఆ నంబరు కొండమీదికి చెప్పినాడు, నేను ఈడ గూడా పోసినా. అబ్బోడు తెచ్చింది నేను పోయలా. వాడు చెప్పిందే నిజం' అన్న్యాడు. అయ్యగారు గూడా లేచి చెయ్యి పట్టుకునె. అందరూ వింటిరి గదా. నీకు తెలీదా?"

నాకు తెలీదు. గది చుట్టూ చూశాను. మా నాయన తల పక్కకు తిప్పుకున్నాడు. సంగతి ఎత్తవద్దన్నావు గదా అంది మా అమ్మ మెల్లగా. నవ్విన పెద్ద కూడా అక్కడే ఉన్నాడు, ఔనౌను చెప్పినాడు పాపం అని, అది తనకు అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు. ఒక్కరూ బస్సెక్కి వచ్చి నాకు చెప్పాలనుకోలేదు. వాళ్లకు అదొక ఆదివారం సంగతి. తర్వాతి ఆదివారానికి ఇంకొకటి వచ్చి ఉంటుంది. దొర ఇచ్చినదంటూ తన దగ్గరున్న ఒకే ఒక్కదాన్ని, ఆ నూనె మాటను, పెద్దనాయన నా కోసం నలుగురిలో వదులుకున్నాడు. వదులుకునేటప్పుడు నేను లేను.

ఇది కూడా నా ఫిర్యాదుల్లోనే రాసుకోండి. ఆ గుడిలో ఉన్నవాళ్లు ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు, చెప్పుకుందామంటే వినేవాళ్లు లేరు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో పూట కూడా పట్టదు, కానీ అక్కడ ఆ ఏడాదే ముగిసిపోయిన సంగతి నా దాకా చేరడానికి పెద్దనాయన ఆయుష్షంతా పట్టింది.